తడి తలా, ముప్పై వేలా?



ఈ వారం నేను తీసుకున్న ప్రశ్న చదివి మీలో కొందరు నవ్వుకుంటారు. నన్ను అడిగినప్పుడు నేనూ నవ్వాను. ఆ నవ్వు తొందరపాటని తరువాత తెలిసింది కనుక, ముందుగా ఆ సంగతి ఒప్పుకుని విషయంలోకి వస్తాను.

హైటెక్ సిటీ పరిసరాలలో ఆదివారం సాయంత్రం దివ్యబలిపూజకు వచ్చేవారిలో చాలామంది ఈ ఊరిలో పుట్టినవారు కారు. గుంటూరు, ఖమ్మం, ఏలూరు, కడప ప్రాంతాల నుండి ఉద్యోగాల కోసం వచ్చిన యువతీయువకులు. మాదాపూరులోనో కొండాపూరులోనో హాస్టలు గదుల్లో ఇద్దరు ముగ్గురు చొప్పున సర్దుకుని ఉంటారు. ఒక ఆదివారం పూజ ముగిసి నేను బయటకు వచ్చేసరికి అటువంటి అమ్మాయి ఒకతె గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పాపసంకీర్తనానికి వచ్చిందేమో అనుకున్నాను.

"కాదు ఫాదర్ గారూ, ఒక చిన్న సందేహం. తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యర్ ఒకటి చూశాను. ముప్పై వేలు. కొనుక్కోవచ్చంటారా? అది పాపమా?" అని అడిగింది.

"ముప్పై వేలా! దేవుడిచ్చిన ఎండ ఉచితం గదా తల్లీ!" అన్నాను. నా తల మీద మిగిలిన నాలుగు వెంట్రుకలకు తువ్వాలే ఎక్కువ. అటువంటివాడు ఇంకేమంటాడు?

"ఎండ ఉన్నంతసేపూ నేను నిద్రపోతాను ఫాదర్" అంది ఆ అమ్మాయి.

అమెరికా వాళ్ళ పగలు ఆమెకు రాత్రి డ్యూటీ. సాయంత్రం లేచి తలస్నానం చేస్తే, క్యాబు వచ్చే వేళకు జుట్టు ఆరదు. నడుము దాకా ఉన్న జడ. తడి తలతో వెళ్ళి రాత్రంతా ఏసీలో కూర్చుంటే తెల్లవారేసరికి తలనొప్పి వస్తుందని చెప్పింది. నేను తల ఊపి, ఆ మాట దాటి ముందుకు వెళ్ళిపోయాను. ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు, ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను.

మన ఇళ్ళల్లో తల ఆరబెట్టుకోవడం ఒక వేడుకగా ఉండేది. కుంకుడుకాయ పులుసుతో తలంటి, వాకిట్లో నులకమంచం మీద కూర్చోబెట్టి, బుట్ట బోర్లించి, దాని కింద నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పొగకు జుట్టు ఆరబెట్టేవారు. పసిబిడ్డలకూ బాలింతలకూ తప్పకుండా చేసేవారు. ఇప్పుడు సాంబ్రాణి వాసన తగిలితే మనకు గుడి గుర్తుకు వస్తుంది. నా చిన్నతనంలో గుడిలో ధూపం వేస్తే నాకు మా అమ్మ చేసే తలంటు గుర్తుకు వచ్చేది. దానికి ఖర్చేమీ లేదని అనుకునేవాళ్ళం. ఖర్చు లేకపోవడం కాదు, అమ్మ గంటసేపు చేసిన చాకిరికి ఎవరూ ధర కట్టలేదు, అంతే. హాస్టలు గదిలో నులకమంచమూ లేదు, వాకిలీ లేదు, అమ్మా లేదు. కనుక ఎండను చూపించి ఆ అమ్మాయిని నవ్వుతూ పంపేయడం సమాధానం కాదు.

ముందు ఆ వస్తువు సంగతి కొంచెం తెలుసుకుందాం. తెలియకుండా తిట్టడం కూడా ఒక రకం అబద్ధసాక్ష్యమే. మామూలు డ్రయ్యర్‌లో ఒక ఫ్యాను, వేడెక్కే తీగచుట్ట ఉంటాయి. వెయ్యి, రెండు వేలకు దొరుకుతుంది. ఈ ఖరీదైనది డైసన్ అనే కంపెనీది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్లతో పేరు తెచ్చుకున్న బ్రిటిష్ సంస్థ అది. ఈ డ్రయ్యర్‌ను 2016లో విడుదల చేశారు, 2018లో మన దేశంలోనూ అమ్మకానికి పెట్టారు. మోటారును పైభాగంలో కాక పిడిలో పెట్టారు. అది నిమిషానికి 1,10,000 సార్ల వరకు తిరుగుతుంది. వదిలే గాలి వేడిని అదే సెకనుకు ఎన్నోసార్లు కొలుచుకుంటూ హద్దు దాటకుండా చూసుకుంటుంది. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనది. తడి వెంట్రుక మరీ వేడెక్కితే లోపలి నీరు ఆవిరై బుడగలు కట్టి, వెంట్రుక అక్కడ పెళుసై తెగుతుంది. ఆ మాట నిజమే. అయితే రెండు వేల డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద పెట్టి, జానెడు దూరంలో పట్టుకుని, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉంటే ఆ నష్టం చాలావరకు తప్పుతుందన్నదీ నిజమే. కాకపోతే కొంచెం ఆలస్యం, కొంచెం ఎక్కువ చప్పుడు, కొంచెం చేయి నొప్పి. ఇక ఈ ప్రాంతంలో బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు పోసుకుని జుట్టు గడ్డిలా అయిందని ఆడపిల్లలు వాపోతుంటారు. నీటిలోని ఉప్పును ఏ డ్రయ్యరూ తీసివేయదు. కాబట్టి ముప్పై వేలకూ రెండు వేలకూ మధ్య ఉన్న ఇరవై ఎనిమిది వేలు జుట్టు ప్రాణానికి కాదు, తీరికకూ సుఖానికీ పెట్టే ఖర్చు. రాత్రంతా పనిచేసే మనిషికి పది నిమిషాల తీరిక తక్కువ వస్తువేమీ కాదని కూడా ఒప్పుకోవాలి.

ఆ అమ్మాయి లెక్కలో గట్టిది, చదువే అది. వారానికి మూడుసార్లు, అంటే ఏడాదికి 150 సార్లు. ఐదేళ్ళు పనిచేస్తే 750 సార్లు. ఒక్కొక్కసారికి 40 రూపాయలు పడుతుంది. "మా ఆఫీసు దగ్గర టీ, బిస్కెట్ల ఖర్చు ఫాదర్" అంది. నెల వాయిదాల పద్ధతిలో వడ్డీ కూడా ఉండదట. ఈ వడ్డీ లేని వాయిదాల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అసలు సున్నా వడ్డీ అనేదే లేదని, ఆ భారాన్ని వేరే పేరుతో దాచవద్దని బ్యాంకులను హెచ్చరించింది. అది అలా ఉంచండి. నాకు భయం వేసేది ఆ భాగహారం వల్లనే. ధరను ఐదేళ్ళతో, వారాలతో, రోజులతో భాగిస్తూ పోతే ఈ లోకంలో కొనకూడని వస్తువంటూ మిగలదు. ధర చిన్నదవుతూ పోతుంది కాని, కోరిక మాత్రం అంతే ఉంటుంది.

నేను కూడా ఒక లెక్క వేశాను. 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం పల్లెలోని కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హామీ ఇచ్చింది. 2024-25లో ఆ పనికి మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నిర్ణయించిన కూలి రోజుకు 300 రూపాయలు. నూరు రోజులు, మూడు వందలు. ముప్పై వేలు. ఎండలో చెరువు మట్టి తవ్వే ఒక కుటుంబానికి ప్రభుత్వం ఏడాది మొత్తానికి ఇచ్చిన హామీ ఎంతో, ఈ తల ఆరబెట్టే సాధనం ధర సరిగ్గా అంత. పైసా తేడా లేదు. ఈ లెక్క చెప్పగానే ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు లోలోపల కొంచెం గర్వం కలిగిందని దాచను. మంచి ప్రసంగం దొరికిన గురువుకు కలిగే గర్వం అది.

అయితే ఆ రాత్రి సువిశేషం తెరిస్తే నా లెక్క నన్నే పట్టుకుంది. యోహాను సువార్త 12వ అధ్యాయంలో బెతానియలో జరిగిన విందు మీకు తెలుసు. మరియ విలువైన జటామాంసి పరిమళద్రవ్యాన్ని ప్రభువు పాదాలకు పూసి, తన తలవెంట్రుకలతో తుడిచింది. జటామాంసి మన హిమాలయాలలో మొలిచే మొక్క, దాని వేరు ఇప్పటికీ తలనూనెలలో వేస్తారు. ఆ ద్రవ్యం విలువ మూడు వందల దీనారాలు. దీనారం అంటే ఒక రోజు కూలి, ద్రాక్షతోట పనివారి ఉపమానంలో యజమాని ఇచ్చింది అదే. అంటే ఇంచుమించు ఒక సంవత్సరపు కూలి ఒక్క పూటలో ఖర్చయింది. అప్పుడు కూలి లెక్క వేసి, దీనిని అమ్మి పేదలకు ఇవ్వవచ్చును గదా అని అడిగినవాడు ఎవరు? యూదా ఇస్కారియోతు. వాడి సంచిలో చేయి వాడే పెట్టుకునేవాడని యోహాను స్పష్టంగా రాశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పక్కవాడి సొమ్ముతో పేదలను ప్రేమించడం చాలా తేలిక. నేను వేసిన లెక్క తప్పు కాదు. వేసిన నేను, నా సంచి విప్పకుండా ఆమె సంచి మీద వేశాను.

అలాగని బెతానియను చూపించి డ్రయ్యర్ కొనుక్కోమనడానికీ వీలులేదు. మరియ ఖర్చు చేసింది తన తల మీద కాదు, ఇంకొకరి పాదాల మీద. ఆమె జుట్టు అక్కడ తువ్వాలు అయింది. కనుక ఈ ఘట్టం వల్ల నా నోరు మూతపడింది కాని, ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరకలేదు.

జవాబు కోసం మన శ్రీసభ పెద్దలను అడిగితే వారు రెండు రకాలుగా మాట్లాడుతారు. 4వ శతాబ్దపు కైసరియా మేత్రాణులు పునీత బసీలు, కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనికుని ఉపమానం మీద ప్రసంగిస్తూ, మనం దాచి ఉంచిన మిగులు అసలు మనది కానేకాదని, లేనివారిదని తేల్చివేశారు. ఆ మాట వింటే డ్రయ్యర్ కాదు గదా, నా అలమరలోని నాలుగో చొక్కా కూడా నిలవదు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు కొంచెం మెట్లు కట్టారు. ప్రాణం నిలవడానికి కావలసినది ఒకటి, తన స్థితికి తగినట్టు బ్రతకడానికి కావలసినది ఇంకొకటి, ఆపైన మిగిలినది దానానికి బద్ధమైనది. 1891లో 13వ లియో జగద్గురువులు తమ రేరుం నోవారుం విశ్వలేఖలో ఇదే బాట పట్టారు.

ఈ 'స్థితికి తగినట్టు' అన్నచోటనే నేను ఆగిపోయాను. మన విచారణలలో ఆ మాటకు ఒక చరిత్ర ఉంది. మన విశ్వాసులలో ఎంతోమంది దళిత కుటుంబాల వారు. కాళ్ళకు చెప్పులు, ఒంటి మీద మంచి బట్ట, తలలో పూలు ఉంటేనే ఊరికి సంజాయిషీ చెప్పుకోవలసిన రోజులను మన తాతమ్మలు చూశారు. 'నీ స్థితి తెలుసుకో' అన్న మాట వారికి వేదాంతం కాదు, చెంపదెబ్బ. ఆ తాతమ్మల మనుమరాలు చదువుకుని, తన చేతి సంపాదనతో, తన జుట్టుకు మంచి వస్తువు కొనుక్కుంటానంటే, స్థితి పేరు చెప్పి వద్దనడానికి నాకు నోరు రాదు. 'దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకో' అని మనవాళ్ళు అంటారు. ఈ అమ్మాయి దుప్పటి ఆమె కాళ్ళకు సరిపోతుంది, దానిని నేసుకున్నదీ ఆమే. ఇంటికి నెల నెలా డబ్బు పంపుతుంది. చదువుకు తీసుకున్న బ్యాంకు అప్పు తీరిపోయింది. తమ్ముడి ఫీజు ఆమే కడుతోంది. ఇవేవీ తీరకుండా డ్రయ్యర్ కొంటానంటే నాకు రెండో ఆలోచన ఉండేది కాదు. అప్పుడది తమ్ముడి కంచంలోది తీసి కొనడమే అవుతుంది.

మరొక వైపు, ఈ ప్రాంతంలో స్థితిని నిర్ణయించేది పుట్టుక కాదు, పక్క కుర్చీ. 1998 నవంబరులో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి మాదాపూరు బండరాళ్ళ మధ్య ఒక ఊరు. పాతికేళ్ళలో ఎంత మారింది! 2018లో దేశంలోనే మొదటి ఐకియా దుకాణం ఇక్కడ తెరిచారు. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి చేరింది. మంచిదే, ఎందరో పేద పిల్లలకు అన్నం పెట్టిన చోటు. కాని ఇక్కడ 'అందరూ వాడేది' అన్న గీత ప్రతి పండుగ డిస్కౌంటుకూ ఒక అంగుళం పైకి జరుగుతుంది. నిరుడు విలాసం అనుకున్నది ఈ ఏడు అవసరం. స్థితికి తగినట్టు బ్రతుకుదామంటే ఆ స్థితి ఒకచోట నిలబడితే గదా!

తోమాసుగారే ఇంకొకచోట, వస్త్రధారణ గురించి చెబుతూ, దోషం వస్తువులో ఉండదు, దానిని పట్టుకున్న మనసులో ఉంటుందని వివరించారు. నలుగురిలో గొప్ప కోసం వెంపరలాడటం, సుఖం కోసం హద్దు మీరటం, ఆ వస్తువు గురించే అతిగా ఆలోచిస్తూ ఉండటం. ఇవి ఒక వైపు. అయితే ఆయన అక్కడ ఆగలేదు. అసలు శ్రద్ధే లేకపోవడం కూడా దోషమేనని, తన నిరాడంబరతను చూపించుకుని గొప్ప పొందాలనుకోవడం మరీ దోషమని అన్నారు. ఈ చివరి మాట చదివి నేను కాలరు దగ్గర చిరిగిన నా అంగీ వంక చూసుకున్నాను. దానిని మార్చకపోవడానికి పేదరికం కారణం కాదు.

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి లెక్కలు పక్కనపెట్టి మూడు సంగతులు అడిగాను. దాని గురించి ఎక్కడ విన్నావు? ఆఫీసులో భోజనాల దగ్గర, ఫోనులో వీడియోలలో. దాని మీద కంపెనీ పేరు చెరిపేసి, ఎవరికీ చెప్పకూడదని షరతు పెడితే కొంటావా? కొంతసేపు ఆలోచించింది. "కొంటాను ఫాదర్, కాని ముప్పై వేలు పెట్టను" అని నిజం చెప్పింది. మూడోది, గదిలో ఉన్న మిగతా ఇద్దరు అడిగితే ఇస్తావా?

దీనికి చాలాసేపు మాట్లాడలేదు. "ఇస్తే పాడు చేస్తారేమో ఫాదర్. ఇవ్వకపోతే బాగుండదు. అలమరలో పెట్టి తాళం వేసుకోవాలి. ఇప్పుడు నా అలమరకు తాళం లేదు. ముందు తాళం కొనాలి" అని తనే నవ్వింది.

ఆ తాళం మాట నాకు పట్టుకుంది. ముగ్గురూ ఇప్పటివరకు షాంపూ, దువ్వెన, ఊరి నుండి వచ్చిన పచ్చడి, సున్నిండలు అన్నీ పంచుకుని బ్రతికినవారు. ఒకరి జ్వరానికి ఇంకొకరు కంజి కాచిపెట్టినవారు. ఆ గదిలోకి మొదటి తాళం ఈ వస్తువు వల్ల వస్తుంది. పునీత బసీలు మిగులు గురించి ఎందుకంత కటువుగా మాట్లాడారో నాకు అప్పుడు కొంత అర్థమైంది. ఆయన కోపం వస్తువు మీద కాదేమో, దానికి వేసే గడియ మీద. రెండు వేల డ్రయ్యర్ కొంటే ముగ్గురూ వాడుతారు, పాడైతే మళ్ళీ కొనుక్కుంటారు, గదికి తాళం అక్కర్లేదు.

అందుకని నా అభిప్రాయం చెప్పాను. కొంటే పాపమని అనను. అలా అనడానికి నాకు అధికారమూ లేదు, ఆధారమూ లేదు. కాని కొనకపోతే మంచిదనిపిస్తోంది. మామూలుది కొనుక్కో, మూడు నెలలు వాడు, అప్పటికీ ఇదే కావాలనిపిస్తే మళ్ళీ ఆలోచిద్దాం. ఒకవేళ కొంటే, అంత మొత్తం ఒక్కసారి కాకపోయినా ఏడాదిలోగా ఎవరి అవసరానికైనా ఇవ్వగలవా అని చూసుకో. ఇవ్వగలిగితే ఆ వస్తువు నీ చేతిలో ఉన్నట్టు.

"సరే ఫాదర్. మరి మన గుడిలో కొత్త మైకుసెట్టు ఎంతైంది?" అని అడిగింది. గౌరవంగానే అడిగింది. ఎంతైందో చెప్పాను. పాతది పనిచేసేదే గదా అని ఆమె అనలేదు. అనకపోయినా నాకు వినిపించింది. దేవుని వాక్యం వెనుక బెంచీ వరకు వినబడటానికి అని నేను అనబోయి, డ్రయ్యర్‌కు ఆమె చెప్పిన కారణాలు కూడా ఇంత బాగానే ఉన్నాయి గదా అని ఊరుకున్నాను.

వెళ్ళబోతుంటే చివరిగా ఒక మాట చెప్పాను. "అమ్మకు ఈ ధర ఉన్నది ఉన్నట్టు చెప్పు." మన ఇళ్ళలో ఈ సంగతి అందరికీ తెలిసిందే. పట్నంలో రెండు వేలకు కొన్న చెప్పులు ఊరికి వెళ్ళేసరికి నాలుగు వందలవుతాయి. అబద్ధం ఆడాలని కాదు, అమ్మ బాధపడుతుందని. కాని ఏ ధరను అమ్మ ముందు తగ్గించి చెప్పాలనిపిస్తుందో ఆ ధర దగ్గర ఒకసారి ఆగి చూసుకోవడం మంచిదని నా ఉద్దేశం. ఆమె తల్లి ఇప్పటికీ మిరప కోతలకు వెళ్తుంది. ఏటా గుణదల మాత పండుగకు వెళ్ళి, ఈ కూతురికి ఉద్యోగం వచ్చిన సంవత్సరం అక్కడ తలనీలాలు ఇచ్చి వచ్చిన మనిషి.

రెండు వారాల తరువాత ఆ అమ్మాయి వచ్చి జరిగింది చెప్పింది. ఫోనులో ధర దాచకుండా చెప్పిందట. ముప్పై వేలని రెండుసార్లు చెప్పవలసి వచ్చిందట. అవతల కొంతసేపు ఏమీ వినబడలేదు. తిడుతుందని ఎదురుచూసింది.

"అది కొంటే నీ తలనొప్పి తగ్గుతుందామ్మా?" అని అడిగిందట ఆ తల్లి.

"ఇప్పుడు నేను కొననూ లేను, మానుకోనూ లేను ఫాదర్" అంటూ ఆ అమ్మాయి నా ఎదుట కూర్చుంది. నేను కూడా వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. మూడు ఆదివారాలు ఆమెను అన్ని ప్రశ్నలు అడిగాను గాని, ఆ ఒక్కటీ అడగలేదు.